కీమో తర్వాత మూడో రోజు మొదలయ్యే వాంతులను ముందే ఆపుకోవడం ఎలా?

గుర్రంపోడు అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అమ్మకు 52 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక హైదరాబాదులో కీమో మొదలుపెట్టారు. వార్డులో అందరూ ఎర్ర మందు అని పిలిచే డాక్సోరుబిసిన్‌ను, దానితో పాటు సైక్లోఫాస్ఫమైడ్‌ను మూడు వారాలకొకసారి చొప్పున నాలుగు సార్లు ఎక్కించి, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ వారం వారం పన్నెండు సార్లు ఇస్తామని చెప్పారు. మొదటిది అయి పన్నెండు రోజులైంది.

ఆ రోజు ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం కొండమల్లేపల్లి బస్సెక్కి, దారిలో మా తోట బత్తాయిలు రెండు ఒలుచుకుని తిని, ఇంటికొచ్చాక అన్నం కూడా తిన్నది. మరునాడు కొంచెం నీరసం, అంతే. బాగానే ఉంది కదా, ఇన్ని మాత్రలెందుకని ఆసుపత్రిలో ఇచ్చిన వాటిని డబ్బాలోనే ఉంచింది. చీటీ ఇచ్చిన వాళ్లు కూడా "వాంతి వస్తే వేసుకోండి" అనే చెప్పారు. మూడో రోజు తెల్లవారుజామున మొదలైంది. రాత్రి వరకు పదకొండు సార్లు లెక్కపెట్టాను. చివరికి పచ్చటి పసరు తప్ప ఏమీ పడలేదు. మాత్ర వేస్తే మాత్రే బయటికి వచ్చింది. నాలుగో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీతో గ్లూకోజు ఎక్కించాం.

ఇప్పుడు ఇంకో బాధ వచ్చిపడింది. తోటలో కాయ కోతకొచ్చింది. నాన్న వాకిట్లో బత్తాయి బుట్ట దించితే చాలు, అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోతోంది. ముప్పై ఏళ్లు ఆ కాయల మధ్య బతికిన మనిషి. రెండో కీమో తేదీ గుర్తు చేసినా డోకు వస్తోంది. ఎర్ర మందు ఎక్కించుకున్న వాళ్లందరికీ ఇంతేనా, లేక మేము ఎక్కడైనా పొరపాటు చేశామా, దయచేసి చెప్పండి.

పాలమూరు సిస్టర్

చెల్లీ, నేను కీమో డే కేర్ వార్డులో నర్సుగా పదకొండేళ్లు పనిచేసి ఇప్పుడు సొంత ఊరికి వచ్చాను. మీ అమ్మగారికి జరిగినట్టే జరిగిన వాళ్లను వారానికి ఇద్దరినో ముగ్గురినో చూసేదాన్ని. పొరపాటు మీ అమ్మది కాదు. "వస్తే వేసుకోండి" అన్న ఆ ఒక్క మాటది. జ్వరం వచ్చాక జ్వరం మాత్ర వేసుకున్నట్టు కీమో వాంతికి వేసుకోవడం కుదరదు. ఒకసారి వాంతి మొదలైతే మాత్ర కడుపులో నిలవదు, నిలిచినా ఆ ఉధృతిని ఆపడానికి సరిపోదు. అందుకే మందులు కీమో ఎక్కించకముందే మొదలుపెట్టి, మనిషి బాగున్నా సరే, నాలుగో రోజు వరకు గడియారం చూసి వేయాలి.

వాంతులను మేము రెండు రకాలుగా చూస్తాం. మొదటి 24 గంటల్లో వచ్చేవి ఒక రకం, ఆ తర్వాత అయిదో రోజు లోపల వచ్చేవి ఇంకో రకం. మొదటి రోజు వార్డులో సెలైన్‌లో కలిపి ఇచ్చే మందుల బలం మరునాటికి తగ్గిపోతుంది. మీ అమ్మగారు మరునాడు బాగానే ఉండడం చూసి అంతా అయిపోయిందనుకున్నారు, అసలు గండం అప్పుడు మొదలైంది.

మీకు ఇచ్చిన చీటీలో ఏముందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి.

అచ్చంపేట వదిన

బిడ్డా, మా చిన్నత్తకు ఇట్లాగే అయితే అల్లం దంచి, రసం తీసి, తేనె కలిపి పొద్దున మాపున పట్టించాం, నెమ్మదించింది. ఇన్ని ఇంగ్లీషు మందుల మీద మళ్లీ మందులు వేస్తే ఒంట్లో వేడి పుడుతుంది. అదీగాక, వాంతి అయితే ఆ విషం కొంత బయటికి పోతుందని పెద్దవాళ్లు అంటారు, బలవంతంగా ఆపడం మంచిదేనా అని నా అనుమానం.

ఆంకాలజీ పీజీ, నకిరేకల్

వదినగారూ, ఈ అనుమానం మా ఓపీలో రోజూ వినిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. కీమో మందు నోటి ద్వారా కాకుండా రక్తనాళంలోకి వెళ్లింది కాబట్టి కడుపులో ఉన్నది కక్కినంత మాత్రాన అది బయటికి రాదు. బయటికి పోయేది నీరు, లవణాలు, ఒంట్లో ఉన్న కొద్దిపాటి ఓపిక. వాంతులు ఎక్కువైతే మూత్రపిండాల మీద భారం పడుతుంది, తరువాతి కీమో వాయిదా పడే ప్రమాదమూ ఉంది.

వాంతి ఎలా పుడుతుందో తెలిస్తే మాత్రలు ఇన్ని ఎందుకో అర్థమవుతుంది. కీమో మందు తగలగానే పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది వేగస్ నరం చివర్లను తట్టి లేపితే, ఆ కబురు మెదడు అడుగు భాగంలో ఉన్న వాంతి కేంద్రానికి చేరుతుంది. మొదటి రోజు వాంతులకు ప్రధానంగా ఇదే దారి. ఆండాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్ ఈ దారినే మూస్తాయి. రెండో రోజు నుంచి సబ్‌స్టెన్స్ పి అనే ఇంకో రసాయనం మెదడులోనే పని మొదలుపెడుతుంది. దాన్ని ఆపేది అప్రెపిటాంట్. అంటే మీ ఇంటికి రెండు తలుపులున్నప్పుడు ఒక్కదానికే గడియ పెట్టి పడుకున్నట్టయింది మీ అమ్మగారి సంగతి.

వాంతి మందులేవీ ఇవ్వకపోతే నూటికి 90 మందికి పైగా వాంతులు చేసుకునే కీమోలను తీవ్రమైన వర్గంలో పెడతారు. సిస్‌ప్లాటిన్, ఎర్ర మందు సైక్లోఫాస్ఫమైడ్ జంట అందులోవే. ఆక్సాలిప్లాటిన్, ఇరినోటెకాన్ మధ్య వర్గం. మీ అమ్మగారికి తర్వాత ఇవ్వబోయే పాక్లిటాక్సెల్ తక్కువ వర్గంలోది కాబట్టి ఈ నాలుగు గడిస్తే ఆ పన్నెండు వారాలు వాంతుల విషయంలో చాలావరకు తేలిక. వయసు 50 లోపు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, గర్భంతో ఉన్నప్పుడు వేవిళ్లు బాగా పట్టినవాళ్లకు, బస్సు పడనివాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మద్యం అలవాటు బాగా ఉన్నవాళ్లకు కొంత తక్కువ, అది మాత్రం సలహాగా తీసుకోకండి.

అల్లం సంగతి. అల్లం వికారాన్ని కొంత తగ్గించిందని కొన్ని పరిశోధనల్లో తేలింది, కొన్నింట్లో తేడా కనపడలేదు. పైమందుగా కాస్త అల్లం టీ తాగితే తప్పు లేదు. ఎర్ర మందుకు అల్లాన్నే దిక్కుగా పెట్టుకోవడం తప్పు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు అల్లం ఎక్కువ మోతాదులో తీసుకునే ముందు డాక్టరును అడగాలి.

గుర్రంపోడు అమ్మాయి

చీటీ చూశాను సార్. కీమో రోజు ఆండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇచ్చినట్టు ఉంది. ఇంటికి ఎమెసెట్ 8 (అదీ ఆండాన్‌సెట్రానే) పది మాత్రలు, పక్కన ఎస్ఓఎస్ అని రాసి ఉంది. గ్యాస్ మాత్ర ఒకటి. అంతే. అమ్మకు నన్ను మోసినప్పుడు అయిదో నెల దాకా వేవిళ్లేనట, బస్సెక్కితే నిమ్మకాయ లేకుండా కూర్చోదు.

ఆంకాలజీ పీజీ, నకిరేకల్

ఆ రెండు మాటలు మొదటి కీమో ముందే ఎవరైనా అడిగి ఉండాల్సింది. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే అని అర్థం. దానివల్లే చిక్కు వచ్చింది.

ఈ జంట కీమోకు ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలన్నీ చెప్పేది నాలుగు మందుల కలయిక. అప్రెపిటాంట్ కీమోకు గంట ముందు 125 మిల్లీగ్రాములు, రెండో రోజు, మూడో రోజు 80 చొప్పున. పాలోనోసెట్రాన్ ఇంజెక్షన్ కీమోకు ముందు ఒక్కసారి చాలు, ఎందుకంటే దాని ప్రభావం ఒంట్లో దాదాపు 40 గంటలకు గాని సగానికి తగ్గదు. ఆండాన్‌సెట్రాన్ అయితే కొద్ది గంటల్లోనే దిగిపోతుంది. స్టెరాయిడ్ అయిన డెక్సామెథసోన్ మొదటి రోజు 12 మిల్లీగ్రాములు. నాలుగోది ఓలాంజపిన్, మొదటి రోజు నుంచి నాలుగు రాత్రులు. ఈ అంకెలు మీ డాక్టరుతో మాట్లాడడానికే గాని షాపులో కొని వేయడానికి కాదు. అప్రెపిటాంట్ వేస్తే డెక్సామెథసోన్ మోతాదు తగ్గించాలి, షుగరు, గుండె లయ, లివరు చూసుకోవాలి.

రెండో కీమో రోజు కుర్చీలో కూర్చోకముందే డాక్టరుకు ఈ వాక్యం చెప్పండి: "మొదటిసారి మూడో రోజు పదకొండు వాంతులయ్యాయి, ఇంటి దగ్గర ఏ మందూ వరుసగా వేయలేదు." ఏ డాక్టరైనా ఈ మాట విన్నాక మందులు మార్చకుండా ఉండరు. వాంతులయ్యాయని మాత్రమే చెబితే అందరికీ అవుతాయి లెమ్మని పొరబడే అవకాశం ఉంది.

జడ్చర్ల మాస్టారు

నేను గొంతు క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్ తీసుకుంటూనే కరెంటు (రేడియేషన్) కూడా పెట్టించుకున్నవాణ్ణి. సిస్‌ప్లాటిన్ అమెరికాలో అనుమతి పొందింది 1978లో, ఆండాన్‌సెట్రాన్ వచ్చింది 1991లో, అప్రెపిటాంట్ 2003లో అని మా డాక్టరు చెప్పారు. ఆ మధ్య పదమూడేళ్లు సిస్‌ప్లాటిన్ ఎక్కించుకున్న వాళ్ల గతి ఏమిటా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం డెక్సామెథసోన్ అనుకోండి.

ఆ డెక్సా గురించే నా అనుభవం చెబుతాను. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా కళ్లు తెరుచుకునే ఉంటాయి కాబట్టి పొద్దున టిఫిను తిన్నాక వేసుకోమన్నారు. నాకు షుగరు ఉంది, ఆ మూడు నాలుగు రోజులు లెక్క ఎక్కడికో పోయేది. వెక్కిళ్లు కూడా వచ్చాయి, ఒకసారి సాయంత్రం మొదలై తెల్లవారే వరకు ఆగలేదు. ఇది కీమో వల్లనని ఊరుకున్నాను. డాక్టరుకు చెబితే అది డెక్సా వల్ల కావచ్చునని మోతాదు మార్చారు. కాబట్టి అమ్మా, వాంతి ఒక్కటే కాకుండా వెక్కిళ్లు, మలబద్ధకం, నిద్ర అన్నీ ఒక నోటుబుక్కులో తేదీ, సమయంతో రాయండి. నేను పాత హాజరు పట్టీలో గీతలు గీసి రాసుకున్నాను, నా డాక్టరు నా మాట కంటే ఆ పట్టీనే ఎక్కువ నమ్మేవారు.

మిర్యాలగూడ మందుల షాపు

ఒక ముఖ్యమైన సంగతి. ఓలాంజపిన్ చీటీతో వచ్చేవాళ్లలో చాలామంది ఇంటికి వెళ్లి మళ్లీ వాపసు తెస్తారు, ఎందుకంటే ఫోనులో వెతికితే అది మానసిక రోగాల మందని కనపడుతుంది. "మా అమ్మకు పిచ్చి లేదు, తప్పు మందు ఇచ్చారు" అని నా మీద కోప్పడ్డ అన్న ఒకాయన ఉన్నాడు. అది నిజంగా మానసిక రోగాలకు వాడే మందే. వాంతిని, ముఖ్యంగా వికారాన్ని ఆపడంలో చాలా బాగా పనిచేస్తుందని తర్వాత తేలింది. నాలుగు రాత్రులు వేసుకుంటే అలవాటు పడిపోయే మందు కాదు. దాని చెడ్డగుణం మగత. పొద్దున లేచేసరికి కాళ్లు తడబడవచ్చు, పెద్దవాళ్లను రాత్రి బాత్రూముకు ఒంటరిగా పంపకండి.

ఇంకొకటి. ఊళ్లో వాంతి అనగానే పెరినార్మ్ సూది వేయడం అలవాటు. అందులో ఉండేది మెటోక్లోప్రమైడ్. ఓలాంజపిన్ నడుస్తుండగా అది కలవకూడదు, ఒళ్లు బిగుసుకుపోవడం, మెడ పక్కకు తిరగడం లాంటివి వచ్చే ప్రమాదం ఉంది. ఆర్‌ఎంపీ దగ్గరకు పోయినా చీటీ చూపించకుండా సూది వేయించుకోకండి. అప్రెపిటాంట్ మూడు గొట్టం మాత్రల పెట్టెగా దొరుకుతుంది, కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది, జనరిక్ అడగడానికి మొహమాటపడకండి. ఆరోగ్యశ్రీ కింద కీమో నడుస్తుంటే వాంతి మందుల్లో ఏవి లోపల ఇస్తారో, ఏవి బయట కొనాలో ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోండి.

ఆంకాలజీ పీజీ, నకిరేకల్

మగత గురించి ఒక మంచి కబురు ఉంది. ఓలాంజపిన్ మొదట 10 మిల్లీగ్రాముల మోతాదులో వాడేవారు. జపానులో 5 సరిపోతుందని చూపించారు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు సరిగ్గా ఇలాంటి తీవ్రమైన కీమో తీసుకునే మన దేశపు రోగుల్లోనే 2.5 మిల్లీగ్రాములను 10తో పోల్చి చూసి 2024లో ప్రచురించారు. వాంతులను ఆపడంలో చిన్న మోతాదు వెనకబడలేదు, పగటి మగత మాత్రం బాగా తగ్గింది. పొలం పనికో వంటకో లేవాల్సిన మనుషులకు ఇది చిన్న విషయం కాదు.

కల్వకుర్తి తమ్ముడు

మా నాన్నకు పెద్దపేగు క్యాన్సర్. ఆయనకు రెండో కీమో తర్వాత ఆరు రోజులైనా వాంతులు ఆగకపోతే కీమో వల్లనే అనుకుని ఎమెసెట్ మీద ఎమెసెట్ వేశాం. తీరా చూస్తే నాలుగు రోజులుగా విరేచనం లేదు, కడుపు రాయిలా ఉంది. ఎమెసెట్ వల్లే మలబద్ధకం, మలబద్ధకం వల్ల వాంతి, వాంతికి మళ్లీ ఎమెసెట్, ఈ గుండ్రంలో తిరిగాం. కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు అడిగి తీసుకోండి.

బస్సు గురించి కూడా ఒక మాట. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక చార్జీల బరువు తగ్గింది గాని సాయంత్రం బస్సుల్లో సీటు దొరకడం కష్టమైంది. కీమో అయిన రోజు ఆ మూడు గంటల ప్రయాణమే సగం వాంతికి కారణం. మేము అక్కనో అన్ననో ఒకరిని ముందే ఎంజీబీఎస్‌కు పంపి, బస్సు ప్లాట్‌ఫాం మీదికి రాగానే ముందు వరుస కిటికీ సీట్లో తువ్వాలు వేయిస్తాం. చక్రం మీది సీటు, వెనక సీటు అసలు వద్దు. ప్రయాణంలో ఏదీ తినిపించకండి.

పాలమూరు సిస్టర్

తమ్ముడు చెప్పిన చివరి మాట బత్తాయి సంగతికి కూడా జవాబే. కీమో రోజు తిన్న పదార్థాన్ని ఒళ్లు ఆ వాంతులతో ముడిపెట్టి గుర్తుపెట్టుకుంటుంది. మీ అమ్మగారికి కాయ మీద కోపం లేదు, ఒంటికి ఆ వాసన గుర్తుంది. అందుకే కీమో రోజు, ఆ మరునాడు ఇష్టమైనవేవీ పెట్టవద్దని నేను అందరికీ చెప్పేదాన్ని. ఇష్టం లేని చప్పిడి తిండి పెట్టండి, పోతే అదే పోతుంది. ఇప్పుడు బలవంతంగా బత్తాయి వాసన చూపించకండి, కోత పూర్తయ్యే దాకా బుట్టలు ఇంకెక్కడైనా దించుకోండి.

తేదీ గుర్తు చేస్తేనే డోకు రావడం కూడా అలాంటిదే. కీమోకు ముందే వచ్చే ఈ వాంతికి ఆండాన్‌సెట్రాన్ సరిగా పనిచేయదు. ముందు రాత్రి, ఆ పొద్దున వేసుకోవడానికి ఆందోళన తగ్గించే లొరాజెపామ్ లాంటి చిన్న మాత్ర డాక్టరు రాయగలరు. అన్నిటికంటే పెద్ద మందు, ఈసారి వాంతి రాకుండా గడవడమే. రెండోసారి ప్రశాంతంగా గడిస్తే ఆ భయం దానంతటదే పలచబడడం నేను కళ్లారా చూశాను.

తిండి విషయంలో నాకు తెలిసింది ఇది. మూడు పూటల అన్నం అనే లెక్క ఆ అయిదు రోజులు మానేయండి. రెండు గంటలకొకసారి నాలుగు ముద్దలు చాలు. పొద్దున మంచం దిగకముందే ఎండు జొన్నరొట్టె ముక్కో పేలాలో నమిలితే కడుపు నిలబడుతుంది. వేడి తిండికి వాసన ఎక్కువ కాబట్టి చల్లారాక పెట్టండి. పలచటి గటక, ఇంట్లో తోడుపెట్టిన పెరుగుతో మజ్జిగ, ఉప్పు వేసిన గంజి మంచివి. తెల్లకణాలు తగ్గే రోజులు గనుక బయట అమ్మే చల్ల, కోసి పెట్టిన పండ్లు వద్దు. తాలింపు వాసన రోగి గదిలోకి రాకూడదు, వీలైతే పొయ్యి పెరట్లో పెట్టుకోండి. నీళ్లు అన్నంతో పాటు కాకుండా మధ్యలో గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. తిన్నాక గంట దాకా వెల్లకిలా పడుకోనివ్వకండి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పోవాలంటే, ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం బాగా తగ్గితే, లేచి నిలబడితే కళ్లు తిరిగితే, వాంతిలో రక్తం కనపడితే, తలనొప్పితో పాటు మాట తడబడితే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే వాంతులున్నా లేకపోయినా అర్ధరాత్రైనా పోవాలి. మందు వేసిన అరగంట లోపల వాంతి అయితే మళ్లీ వేయాలా వద్దా అన్నది ఫోనులో అడగండి, సొంతంగా రెండోది వేయకండి.

అచ్చంపేట వదిన

విషం పోతుందని నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను బిడ్డా. అల్లం టీ మాత్రం పోయించు, ఎక్కువ కాదు.

గుర్రంపోడు అమ్మాయి

రెండో కీమో అయి ఈరోజుకు ఏడో రోజు. చెప్పిన వాక్యాన్ని కాగితం మీద రాసుకుపోయి డాక్టరు ముందు చదివాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, పాత చీటీ కొట్టేసి కొత్తది రాశారు. అప్రెపిటాంట్ మూడు రోజులు, పాలోనోసెట్రాన్ ఇంజెక్షన్, రాత్రికి ఓలాంజపిన్ 5, ముందు రాత్రికి లొరాజెపామ్, విరేచనానికి పొడి. ఎస్ఓఎస్ అన్న మాట ఎక్కడా లేదు. నేను బీరువా తలుపు మీద సుద్దతో గళ్లు గీసి, వేసిన మాత్రకు వేసినట్టు టిక్కు పెట్టాను. మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి అమ్మ మంచం పక్కన తొట్టి పట్టుకుని కూర్చున్నాను. ఆమె నిద్ర లేచి, ఎందుకు కూర్చున్నావని అడిగి, పేలాలు పెట్టమంది.

ఆ రోజంతా వికారం కొంచెం ఉంది, వాంతి లేదు. నాలుగో రోజు సాయంత్రం పక్కింట్లో చేపల పులుసు తాలింపు వాసనకు ఒక్కసారి అయింది. పగలంతా మగతగా ఉంటోంది, నిన్న గొళ్లెం పట్టుకుని నిలబడే కునుకు తీసింది. మూడో కీమోకు మోతాదు తగ్గించమని అడగవచ్చా?

పాలమూరు సిస్టర్

అడగాలి. బీరువా తలుపును ఫోటో తీసి చూపించండి, 2.5 మాట కూడా ఎత్తండి. మాత్ర పడుకునే ముందు కాకుండా రాత్రి భోజనమప్పుడే వేస్తే పొద్దుటికి మగత కొంత దిగుతుంది. అప్రెపిటాంట్ మాత్రం వాంతి రాలేదు కదా అని మానకండి.

గుర్రంపోడు అమ్మాయి

అలాగే అక్కా. నాన్న బుట్టలన్నీ కొట్టం వెనక దించుతున్నాడు. గాలి అటునుంచి వీచిన పూట అమ్మ ఇంకా కిటికీ మూస్తూనే ఉంది.